ఫోన్ అయస్కాంత ఛార్జర్‌కి అతుక్కోవడం లేదెందుకు?

ప్రశ్న: నా ఫోన్ పెట్టె మీద 'క్యూఐ2 రెడీ' అని ఉంది. 15 వాట్ల క్యూఐ2 ఛార్జర్ కొన్నాను. ఫోన్ దానికి అతుక్కోదు, జారిపోతుంది. రాత్రంతా పెట్టినా ఒక్కోసారి సగమే ఎక్కుతోంది. ఛార్జర్ పాడైందా?

జవాబు: ఛార్జర్‌ని అప్పుడే అనుమానించకండి. క్యూఐ2 అంటే ఫోన్‌ని అయస్కాంతంతో పట్టి ఉంచి, తీగ లేకుండా ఛార్జ్ చేసే ప్రమాణం. 'రెడీ' అన్న మాటలోనే మెలిక ఉంది. ఫోన్‌లో అయస్కాంతాలు లేవు. అవి ఉన్న కేసు తొడిగితేనే అది క్యూఐ2 ఫోన్‌లా పనిచేస్తుంది. పెట్టె మీద ఈ సంగతి పెద్దక్షరాల్లో వేస్తే బాగుండేది.

అయస్కాంతం కరెంటు ఇవ్వదు. ఛార్జర్‌లోని తీగచుట్ట, ఫోన్‌లోని తీగచుట్ట ఎదురెదురుగా ఉండేలా పట్టి ఉంచుతుంది, అంతే. కొన్ని మిల్లీమీటర్లు జరిగినా అందే శక్తి తగ్గి, మిగతాది వేడిగా పోతుంది. వేడెక్కిన ఫోన్ తనంతట తానే ఛార్జింగ్ వేగం తగ్గించుకుంటుంది, ఒక్కోసారి ఆపేస్తుంది కూడా. మీ ఫోన్ సగంలో ఆగడానికి కారణం ఇదే కావచ్చు.

2020లో ఐఫోన్ 12తో వచ్చిన మ్యాగ్‌సేఫ్ పద్ధతే క్యూఐ2 అయస్కాంత వలయానికి ఆధారం. అందుకే మ్యాగ్‌సేఫ్ కేసులు చాలావరకు దీనికీ సరిపోతాయి. మీ మోడల్ కోసమే చేసిన, క్యూఐ2 గుర్తున్న కేసు కొనండి. పైపైన అంటించే రింగు చవకే గానీ, వంకరగా అతికిస్తే మళ్లీ మొదటికే. కేసు వెనక లోహపు రేకు, కార్డులు ఉంచకండి.

గోడకి పెట్టే అడాప్టర్ కూడా చూడండి: యూఎస్‌బీ-పీడీ (యూఎస్‌బీ ద్వారా వేగంగా ఛార్జ్ చేసే పద్ధతి) ఉన్నది, కనీసం 20 వాట్లు. పాత 5 వాట్ల అడాప్టర్‌తో 15 వాట్లు రావు.