పాత కారులో క్రూజ్ కంట్రోల్: కొత్త డబ్బా కొనేముందు బ్రేక్ స్విచ్ చూడండి

ప్రశ్న: మాది 2012 డీజిల్ సెడాన్, మాన్యువల్ గేర్లు. బెంగళూరు నుంచి అనంతపురం వెళ్తుంటే దేవనహళ్లి దాటాక క్రూజ్ కంట్రోల్ (పెడల్ తొక్కకుండానే వేగాన్ని నిలిపే ఏర్పాటు) పట్టడం మానేసింది. మీటర్‌లో క్రూజ్ గుర్తు వెలుగుతోంది, ‘సెట్’ నొక్కితే మాత్రం ఏమీ జరగడం లేదు. గ్యారేజీలో మొత్తం యూనిట్ మార్చాలంటున్నారు. ఆన్‌లైన్‌లో ఫోన్ యాప్‌తో నడిచే క్రూజ్ డబ్బా చవగ్గా దొరుకుతోంది. ఏది కొనమంటారు? – ఒక పాఠకుడు, మారతహళ్లి

ఇప్పటికి ఏదీ కొనకండి. ఇదే ఫిర్యాదు పదే పదే వస్తోంది, ప్రతిసారీ ‘మొత్తం యూనిట్’ అనే మాటతోనే వస్తోంది.

మీ కారులాంటివాటిలో యాక్సిలరేటర్ పెడల్‌కు కేబుల్ ఉండదు, సెన్సర్ ఉంటుంది. వీటిలో దాదాపుగా క్రూజ్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలో ఉన్న ప్రోగ్రామే. బయట ఉండేవి స్టీరింగ్ మీది బటన్లు, స్టీరింగ్ తిరిగినా వాటి వైర్లు తెగకుండా చుట్టిన రిబ్బన్ (క్లాక్ స్ప్రింగ్), బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్, స్పీడ్ సెన్సర్. యూనిట్ పోయిందన్నవారిని ముందు ఆ యూనిట్ ఎక్కడుందో చూపించమనండి.

గుర్తు వెలుగుతోందంటే ఆన్ బటన్ సంగతి ఈసీయూకు చేరింది. సెట్ కావడం లేదంటే ఏదో ఒక సిగ్నల్ మీద దానికి నమ్మకం కుదరలేదు. మొదటి అనుమానం బ్రేక్ స్విచ్ మీదే. అందులో సాధారణంగా రెండు సర్క్యూట్లుంటాయి. పెడల్ తొక్కితే ఒకటి కలుస్తుంది, రెండోది విడిపోతుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే ఈసీయూ క్రూజ్‌ను ఒప్పుకోదు. గ్యారేజీ స్కానర్‌లో పీ0504 గానీ పీ0571 గానీ లోపం కోడ్‌గా కనిపిస్తే దారి ఇదే. పీ0500 వస్తే స్పీడ్ సెన్సర్ చూడాలి. కోడ్ లేకపోయినా స్కానర్‌లో లైవ్ డేటా (అప్పటికప్పటి రీడింగులు) తెరిచి, బ్రేక్‌నూ క్లచ్‌నూ విడివిడిగా కొద్దికొద్దిగా తొక్కుతూ స్థితి వెంటనే మారుతోందో లేదో గమనించండి. విడిభాగాల అంగళ్లున్న జేసీ రోడ్డులో దొరికింది కదా అని రెండు పిన్నుల స్విచ్ తెచ్చి, నాలుగు పిన్నుల చోట వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేవాళ్లున్నారు. బ్రేక్ లైటు వెలుగుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. క్రూజ్ మాత్రం పోతుంది. మీ మోడల్‌కు సరిపోయే స్విచ్చే తీసుకోండి. చాలా స్విచ్‌లు బిగించేటప్పుడు ఒక్కసారే తమంతట తాము సర్దుకుంటాయి, ఊడదీసినదాన్ని మళ్లీ వాడితే ఆ సర్దుబాటు ఉండదు.

క్రూజ్‌తోపాటు హారన్ కూడా మొరాయిస్తున్నా, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతున్నా క్లాక్ స్ప్రింగ్‌ను అనుమానించండి. విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం 10 నిమిషాలు ఆగాలి. ముందు చక్రాలు నిటారుగా ఉండాలి. కొత్తదాని లాక్‌ను బిగించేదాకా తీయకూడదు. మధ్య స్థానం తప్పితే స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పినరోజు లోపలి రిబ్బన్ తెగుతుంది.

ఇంకా పాత, పెడల్ కేబుల్‌తోనే థ్రాటిల్ (ఇంజిన్‌కు గాలి వదిలే కవాటం) తెరిచే కార్లయితే పరీక్ష వేరు. వాక్యూమ్ గొట్టం పగిలిందా, థ్రాటిల్‌ను లాగే సర్వోకు వాక్యూమ్ చేతిపంపు పెడితే దాని మీటరు ముల్లు నిలబడుతోందా అని చూడాలి. వీటిలో కొన్ని బ్రేక్ లైటు ఫిలమెంట్ గుండా ఎర్త్ వెతుక్కుంటాయి. బల్బు మాడినా, ఎల్‌ఈడీ వేసినా క్రూజ్ పట్టదు.

ఇక ఆ డబ్బా సంగతి. పెడల్ సెన్సర్ రెండు సిగ్నళ్లు పంపుతుంది, చాలా కార్లలో ఒకదాని ఓల్టేజీ రెండోదానికి సగం. రెంటికీ లెక్క కుదరకపోతే ఈసీయూ పవర్ తగ్గించేస్తుంది. ఆ డబ్బా పెడల్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని రెండు సిగ్నళ్లనూ తానే తయారుచేసి పంపుతుంది. పెడల్ మీద కాలు లేకపోయినా ఉందనే ఈసీయూ నమ్ముతుంది. కారు తయారైనప్పుడు పెట్టిన తనిఖీ అక్కడితో చెల్లిపోయింది. క్లచ్ వైరు కలపకుండా బిగిస్తే, గేరు మార్చడానికి క్లచ్ తొక్కగానే ఇంజిన్ అరుస్తూ లేస్తుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ యాప్. వేగం తెలుసుకోవడానికి ఇలాంటి పరికరాలు మెకానిక్ స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్‌లో డాంగిల్ (చిన్న వైర్‌లెస్ ప్లగ్) గుచ్చమంటాయి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది. 6, 14 పిన్నులు కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ బస్ వైర్లవి. 1986లో బయటికొచ్చిన ఆ పద్ధతిలో సందేశం ఎవరు పంపారో సరిచూసే ఏర్పాటు లేదు. బయటి సందేశాలను వడగట్టే గేట్‌వే అడ్డులేని పాత కారులో ఆ వైరు మీదికి చేరిన మాటను మిగతా కంప్యూటర్లు నమ్మేస్తాయి. 2015లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ డియాగో పరిశోధకులు ఒక ఓబీడీ డాంగిల్‌కు ఎస్సెమ్మెస్ పంపి, తక్కువ వేగంలో ఉన్న కారు బ్రేకులు వేయించారు, పనిచేయకుండా కూడా చేశారు. చవక బ్లూటూత్ డాంగిళ్లలో పిన్ 1234 గానో 0000 గానో ఉండిపోతుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పక్క కారులో కూర్చున్నవాడికి అంత చాలు.

అసలు వేగం పట్టే పరికరానికి ఫోన్ ఎందుకు? లొకేషన్, కాంటాక్టుల అనుమతి ఎందుకు? యాప్‌కు అప్‌డేట్లు ఆగిపోతే పరికరం ఏం కావాలి? ఒక బటన్, ఒక వైరు సరిపోయే చోట యాప్ పెట్టడం తయారీదారు సౌకర్యం కోసమే. గీజర్ నుంచి గేటు తాళం దాకా ఇదే ధోరణి. గీజర్ ఆగిపోతే చన్నీళ్లు పోసుకుంటాం. హైవే మీద థ్రాటిల్ అలా కాదు.

అన్నీ చూశాక కూడా విడి కిట్టే వేయించుకోవాల్సి వస్తే మూడు షరతులు: మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా గుచ్చే ప్లగ్)తో వచ్చేదే కావాలి, బ్రేక్, క్లచ్ వైర్లు రెండూ కలపాలి, చేతికందే ఆఫ్ స్విచ్ ఉండాలి. కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే ఫ్యూజ్ నుంచి తీసుకోండి.

స్విచ్ మార్చినా, కిట్ వేసినా, వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద 60 దగ్గర సెట్ చేసి బ్రేక్‌ను తాకించి చూడండి. కారు వేగం తగ్గేంత గట్టిగా తొక్కకముందే క్రూజ్ వదిలేయాలి. మళ్లీ సెట్ చేసి క్లచ్, ఆ తర్వాత క్యాన్సిల్, చివరికి ఆఫ్. నాలుగింటిలో ఒక్కటి వదలకపోయినా కిట్ అయితే కప్లర్ పీకేసి, స్విచ్ అయితే క్రూజ్ ఆన్ చేయకుండా గ్యారేజీకి తిరిగి తీసుకెళ్లండి.