విండోస్ నుంచి లైనక్స్‌కు మారేటప్పుడు ఎమ్యులేటర్ ఆటల సేవ్‌లు పోకుండా తెచ్చుకోవడం ఎలా?

పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 10 తీసేసి లైనక్స్ మింట్ వేసుకుంటున్నామని, రెట్రోఆర్క్‌లో (పాత గేమ్ యంత్రాల ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్ ప్రోగ్రాములో) పిల్లలు ఏళ్ల తరబడి ఆడిన ఆటలు ఆగిన చోటి నుంచే కొనసాగాలని, అందుకు ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే చాలా అని మీరు అడిగారు. చాలదండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిశాక పాలకొల్లులో మా ఇంటి కంప్యూటర్‌కు నేనూ ఇదే మార్పు చేశాను కనుక, ఆ అనుభవంతో రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన పని పాత కంప్యూటర్‌లోనే, విండోస్ ఉండగానే జరగాలి. ఆటలో ఉండే సేవ్ వేరు, ఎమ్యులేటర్ ఇచ్చే సేవ్ స్టేట్ వేరు. మొదటిది ఒకప్పటి క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ మీద నిలిచి ఉండే మెమరీకి నకలు. రెట్రోఆర్క్ దానిని ఎస్ఆర్ఎం ఫైలుగా రాస్తుంది, సూపర్ నింటెండో ఆటల్లో చాలావాటికి అది 8 కిలోబైట్లే ఉంటుంది, విండోస్ అయినా లైనక్స్ అయినా దానికి తేడా లేదు. రెండోది ఆ క్షణంలో ఎమ్యులేటర్ లోపల ఉన్న స్థితి మొత్తానికి తీసిన నకలు. కోర్ (రెట్రోఆర్క్ లోపల ఒక్కో పాత యంత్రాన్ని అనుకరించే భాగం) మారినా, ఒక్కోసారి దాని వెర్షన్ మారినా అది తెరుచుకోకపోవచ్చు. సంక్రాంతికి రావులపాలెం నుంచి వచ్చే మా పిన్ని కొడుకు క్రోనో ట్రిగ్గర్ ఆటనంతా స్టేట్‌ల మీదే నడిపాడు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, స్టేట్ లోడ్ చేయించి, పాత్రను ప్రపంచ పటం మీదికి నడిపించి, అక్కడ ఆట మెనూలోని సేవ్ వాడించి, ఆ తర్వాత రెట్రోఆర్క్‌లో ‘క్లోజ్ కంటెంట్’ నొక్కించాను. మామూలు సెట్టింగులలో ఎస్ఆర్ఎం ఫైలు డిస్క్ మీదికి చేరేది ఆట మూసినప్పుడే కనుక ఈ చివరి మెట్టు తప్పనిసరి. కాంట్రా వంటి, లోపల సేవ్ అనేదే లేని ఆటలకు స్టేట్ తప్ప దారి లేదు. వాటికోసం కొత్త కంప్యూటర్‌లో అదే కోర్‌ను, వీలైతే అదే వెర్షన్‌ను వేసి ప్రయత్నించండి.

ప్రోగ్రామును, కోర్‌లను తీసుకెళ్లకండి. విండోస్ కోర్‌లు డీఎల్ఎల్ ఫైళ్లు, లైనక్స్‌కు కావలసినవి ఎస్ఓ ఫైళ్లు. అక్కడే కొత్తగా దించుకోవాలి. కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలులోనూ, ప్లేలిస్టులనే ఆటల జాబితాలలోనూ పాత విండోస్ దారులే రాసి ఉంటాయి కనుక వాటిని కూడా వదిలేసి, ఆటల ఫోల్డర్‌ను కొత్తగా స్కాన్ చేయించడమే మేలు.

మింట్‌లో రెట్రోఆర్క్ రెండు రకాలుగా దొరుకుతుంది. మామూలు ప్యాకేజీ అయితే దాని ఫోల్డర్ హోమ్‌లోని ‘డాట్ కాన్ఫిగ్’ లోపల ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్ అయితే ‘డాట్ వార్’ లోపల ఎక్కడో లోతుగా ఉంటుంది. చుక్కతో మొదలయ్యే ఈ ఫోల్డర్లు కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితేనే కనిపిస్తాయి. దారి వెతుక్కునే శ్రమ లేకుండా నేను చేసింది ఇది: కొత్త కంప్యూటర్‌లో ఆటను ఒకసారి మొదలుపెట్టి, ఆటలోనే సేవ్ చేసి, మూసేసి, కొత్త ఎస్ఆర్ఎం ఫైలు ఎక్కడ పుట్టిందో చూసి, పాత ఫైలును దాని స్థానంలో పెట్టాను. ఆట మూసి ఉన్నప్పుడే పెట్టాలి, లేకపోతే మూసేటప్పుడు అది మీ పాత సేవ్ మీద రాసేస్తుంది. ఆట ఫైలు పేరు, సేవ్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి.

పేర్ల విషయంలో లైనక్స్ పట్టింపు ఎక్కువ. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు విండోస్‌కు ఒకటే, లైనక్స్‌కు వేర్వేరు. ప్లేస్టేషన్ ఆట తెరుచుకోకపోతే దాని క్యూ ఫైలును (ఆట డేటా ఏ బిన్ ఫైలులో ఉందో చెప్పే చిన్న ఫైలు) టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి: మొదటి వరుసలో ‘ఫైల్’ అనే మాట తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య బిన్ ఫైలు పేరు ఉంటుంది. అందులో చివర పెద్ద అక్షరాల ‘బిన్’ ఉండి, ఫోల్డర్‌లోని అసలు ఫైలుకు చిన్న అక్షరాలు ఉంటే అదే కారణం. ఆ వరుసను సరిదిద్దితే చాలు. బయోస్ ఫైలుకూ (అసలు ప్లేస్టేషన్ మొదలవడానికి వాడే ప్రోగ్రాముకు నకలు) ఇదే నియమం: ఎస్‌సీపీహెచ్5501 అన్నది చిన్న అక్షరాల్లోనే ఉండాలి.

కాపీకి వాడే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ప్లేస్టేషన్ 2 డీవీడీలు కొన్ని అంతకంటే పెద్దవి. దానిని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి. వానాకాలంలో మన డెల్టా ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక యూపీఎస్ మీదే కాపీ చేసి, పెద్ద ఫైళ్లకు విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశంతోనూ (చివర షా256 అని చేర్చి), లైనక్స్‌లో షా256సమ్ ఆదేశంతోనూ వచ్చే సరిచూపు సంఖ్యలు కలుస్తున్నాయో లేదో సరిచూడండి. ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్ పీసీఎస్ఎక్స్2 కూడా వాడుతుంటే మెమ్‌కార్డ్స్ ఫోల్డర్‌లోని మెమరీ కార్డు ఫైళ్లను తెచ్చుకుంటే చాలు. పీఎస్‌పీ ఎమ్యులేటర్ పీపీఎస్ఎస్‌పీపీ అయితే పీఎస్‌పీ ఫోల్డర్‌లోని సేవ్‌డేటా. జాయ్‌స్టిక్ బటన్లు మాత్రం అన్నిట్లోనూ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.