అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టే ముందు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

జయపురంలో కొన్న అంబాసిడర్‌కి పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచి స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు) తీసేసి ఆ పని చేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు పెట్టిద్దామనుకుంటున్నావని, అది ఘాట్‌లో నిలబెట్టేస్తుందని నలుగురూ భయపెడుతున్నారని రాశావు. నిలబెట్టేయడం నిజమే. కానీ ఆ పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1973 మోడళ్ల నుంచి తన కార్లన్నిటికీ అదే ఇచ్చింది. మన దగ్గర చెడిపోయే కిట్లలో ఎక్కువ వాటికి కారణం అరిగిన డిస్ట్రిబ్యూటరో, చేవ చచ్చిన వైరింగో, జతకుదరని కాయిలో (బ్యాటరీ కరెంటును స్పార్కుకి కావలసిన అధిక వోల్టేజి చేసేది). అవి బాగుచెయ్యకుండా కిట్టు కొనకు.

నీది 1489 సీసీ పాత పెట్రోల్ ఇంజన్ అని నమ్మి రాస్తున్నాను. ఇసుజు ఇంజన్ బండి అయితే ఈ కొలతలు దానికి పనికిరావు.

మొదట డిస్ట్రిబ్యూటర్, స్పార్కును సిలిండర్లకి వంతులవారీగా పంచేది, అదే మన మెకానిక్‌లు డెల్కో అనేది. పాయింట్ల గ్యాపు 0.4 మి.మీ. పెట్టి, షాఫ్టును వేలితో అటూ ఇటూ నెట్టి మళ్లీ ఫీలర్ గేజితో చూడు. గ్యాపు 0.05 మి.మీ. కంటే ఎక్కువ మారితే బుష్‌లు పోయాయని నా లెక్క. లేత్ పని తెలిసినవాడి చేత కొత్తవి వేయించు. హాల్ సెన్సర్ (తిరిగే మాగ్నెట్‌ని కనిపెట్టేది) కిట్టు అరిగిన షాఫ్టును పాయింట్ల కంటే కొంత ఓర్చుకుంటుంది గాని, స్పార్కు టైమింగు మాత్రం సిలిండర్ సిలిండర్‌కీ తేడా పడుతూనే ఉంటుంది. వేగం పెరిగితే స్పార్కును ముందుకు జరిపే లోపలి అడ్వాన్స్ బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నా, వాక్యూమ్ డయాఫ్రమ్ చిరిగినా కిట్టు ఏమీ చెయ్యలేదు. వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చు. బేస్ ప్లేటు కదలాలి, నాలుకతో మూసి పట్టుకుంటే అలాగే నిలవాలి.

తర్వాత కరెంటు. పాయింట్లు మూసుకుని ఉండగా తాళం ఆన్ చేసి, మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది కాయిల్ ప్లస్ మీద పెట్టు. అర వోల్టు లోపు చూపిస్తే మంచిది. ఒక వోల్టు దాటితే ఇగ్నిషన్ స్విచ్చో, ఫ్యూజు క్లిప్పులో, పాత లగ్గులో మధ్యలో తినేస్తున్నాయి. స్టార్టర్ లాగుతున్నప్పుడు ఎలాగూ వోల్టేజి పడిపోతుంది, దానికి ఈ నష్టం కలిస్తే మాడ్యూల్, అంటే కిట్టులోని ఎలక్ట్రానిక్ ముక్క, పనిచెయ్యదు. ఇంజన్ తిరుగుతుంది, స్పార్కు ఉండదు. దీనికి ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) చాలు. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో 2.5 చదరపు మి.మీ. వైరు రిలేకి, అక్కణ్ణించి కాయిల్ ప్లస్‌కి. పాత తాళం వైరు రిలేని లాగడానికి మాత్రమే. ఎర్తు కూడా చూడు. డిస్ట్రిబ్యూటర్ లోపల బేస్ ప్లేటుకి ఉండే చిన్న అల్లిక వైరు తెగిపోవడం మామూలే. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉన్న పట్టీ నట్లు విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ బిగించు. మన గంజాం తీరంలో, గోపాలపూర్ గాలికి ఇవి ఏడాదికోసారి పచ్చబడతాయి.

కాయిల్ విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పాత కాయిల్ ప్రైమరీ, అంటే బ్యాటరీ కరెంటు పారే చుట్ట, సుమారు 3 ఓములు ఉంటుంది. బండి నడుస్తుండగా 13.8 వోల్టులకి 4.6 ఆంపియర్లు లాగుతుంది. అంగడిలో "ఎక్కువ పవర్" అని అమ్మే 1.5 ఓముల కాయిల్ 9 ఆంపియర్లు దాటి లాగుతుంది. ఆ వేడంతా కాయిల్లోనూ మాడ్యూల్ ట్రాన్సిస్టర్లోనూ పుడుతుంది. ఎండాకాలంలో సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు బానెట్ కింద వేడి దానికి తోడవుతుంది. కిట్టు కాగితం 3 ఓములు అంటే 3 ఓములే పెట్టు. బండిలో కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్ ఉంటే మాడ్యూల్ ఎర్ర వైరు దానికి ముందు కలపాలి, కాయిల్ దాని తర్వాత.

కిట్టు కొనేటప్పుడు కారు పేరు చెప్పి అడగకు. డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద కొట్టిన నంబరు చదివి దానికి తగ్గది అడుగు. ఎన్నో చేతులు మారిన బండిలో డిస్ట్రిబ్యూటర్ మారిపోయి ఉండొచ్చు. బ్యాటరీలో ఏ తల ఎర్తుకి వెళ్తోందో కూడా చూసుకో. పాత బ్రిటిష్ పద్ధతిలో ప్లస్ ఎర్తు ఉంటుంది, మైనస్ ఎర్తు కిట్టు దానికి తగిలిస్తే ఒక్క క్షణంలో మాడిపోతుంది.

బిగించే రోజు బ్యాటరీ తీసేసి, ఒకటో సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ మీద పైకొచ్చేలా ఇంజన్ తిప్పి, రోటర్ ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ అంచు మీద గీత గియ్యి. పాయింట్లూ కండెన్సరూ రెండూ తీసెయ్యాలి. మాడ్యూల్ కింద వేసే వేడి పేస్టు కిట్టులో ఇస్తే పల్చగా పూయి, మందంగా పూస్తే వేడి దిగదు. మాగ్నెట్ రింగుకీ సెన్సర్‌కీ మధ్య సందు కిట్టుతో వచ్చిన గేజితోనే పెట్టు. రింగు వేశాక రోటర్ పూర్తిగా కిందికి కూర్చోవాలి. పైకి లేచి ఉంటే క్యాప్ లోపలి కార్బన్ నలిగి విరుగుతుంది. బల్లాస్ట్ లేని బండిలో ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కి, ఏ బండిలోనైనా నల్ల వైరు మైనస్‌కి. వాక్యూమ్ లాగినప్పుడు ఆ వైర్లు బిగుసుకోకూడదు, తిరిగే రింగుకి తగలకూడదు. పాయింట్లు తెరుచుకునే చోటూ కొత్త సెన్సర్ పనిచేసే చోటూ ఒకటి కావు కాబట్టి టైమింగు మళ్లీ పెట్టాలి. వాక్యూమ్ గొట్టం తీసి మూసి, ఐడిల్‌లో టైమింగ్ లైటుతో మాన్యువల్లో ఉన్న డిగ్రీకి.

ప్లగ్గు వైర్లు రాగి తీగవి వద్దు. వాటి నుంచి వచ్చే రేడియో చప్పుడు మాడ్యూల్‌ని తికమకపెట్టి తప్పు చోట స్పార్కు పుట్టిస్తుంది. రెసిస్టెన్స్ ఉన్న వైర్లు వెయ్యి. ప్లగ్గు గ్యాపు 0.6 మి.మీ. దగ్గరే ఉంచు. ఎలక్ట్రానిక్ కదా అని 1 మి.మీ. తెరిస్తే ఆ అధిక వోల్టేజి ముందు రోటర్‌ని కాలుస్తుంది. ఈ రోజుల్లో దొరికే రోటర్లలో నాణ్యత తక్కువవి ఎక్కువ. నడుమ రివెట్ ఉన్నదైతే స్పార్కు ఆ రివెట్ గుండా షాఫ్టులోకి దిగిపోతుంది. రివెట్ లేనిది వెతికి కొను.

బిగించాక గుర్తుంచుకోవలసినవి కొన్ని. ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలి పాట వినకు, చాలా కిట్లలో కాయిలూ మాడ్యూలూ అలాగే వేడెక్కుతాయి. ప్లగ్గు వైరు ఊడదీసి గాల్లో ఉంచి స్పార్కు చూడొద్దు, వేరే ప్లగ్గు తగిలించి దాన్ని ఇంజన్‌కి ఆనించి చూడు. బ్యాటరీ దిగితే లారీ 24 వోల్టుల నుంచి జంప్ తీసుకోకు. బాడీకి వెల్డింగు చేయిస్తే బ్యాటరీ తీసి, మాడ్యూల్ వైర్లు కూడా విప్పించు.

పాయింట్లు చెడేటప్పుడు ముందు నుంచే ఒగురుస్తాయి. మాడ్యూల్ చెప్పకుండా పోతుంది, లేదా వేడికి ఆగి ఇరవై నిమిషాలు చల్లారాక మళ్లీ నడుస్తుంది. పెట్రోలు ఆవిరై పైపులో గాలి పట్టినా బండి అలాగే చేస్తుంది, కాబట్టి ముందు స్పార్కు చూడు. బలంగా ఉంటే పెట్రోలు దిక్కు వెళ్లు. లేకపోతే కాయిల్ ప్లస్‌లో కరెంటు ఉందని చూసి, మైనస్‌కీ ఎర్తుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి సెల్ఫ్ కొట్టించు. దీపం మిణుకుమిణుకుమంటే మాడ్యూల్ బాగుంది, కాయిలూ రోటరూ క్యాపూ చూడు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే మాడ్యూలో దాని ఎర్తో పోయింది. వెలగనే వెలగకపోతే మాడ్యూల్ మూసుకుపోయి ఉండొచ్చు, కాయిల్ ప్రైమరీ తెగి కూడా ఉండొచ్చు. మాడ్యూల్ వైరు విప్పి చూడు, అప్పుడు దీపం వెలిగితే తప్పు దానిదే.

తీసిన పాయింట్లు పారెయ్యకు. మంచి పాయింట్ల సెట్టు, కండెన్సర్, రోటర్, చిన్న స్క్రూడ్రైవరు, 0.4 మి.మీ. ఫీలర్ ఆకు ఒక సంచిలో కట్టి డిక్కీలో ఉంచు. 3 ఓముల కాయిల్ ఉన్నంతకాలం అవి దానికి సరిపోతాయి. ఇంటి దగ్గర రెండుసార్లు మార్చి చేతికి అలవాటు చేసుకుంటే రోడ్డు పక్కన పావుగంట పని. దారిలో టైమింగు కచ్చితంగా రాదు, ఇల్లు చేరడానికి చాలు.

నువ్వు ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లే తిప్పేటట్టయితే, షాఫ్టు గట్టిగా ఉంటే, పాయింట్లతోనే ఉండు. ఐదు వేలకోసారి గ్యాపు చూసి, కామ్ మీద కందిగింజంత గ్రీజు రాస్తే చాలు. రాయగడ, బరంపురం అని తరచూ తిరుగుతానంటే కిట్టు పెట్టు. ముందు షాఫ్టు ఊపి, మీటరు పెట్టి వచ్చిన అంకెలు నాకు రాసి పంపు, అప్పుడు ఏ కాయిల్ కొనాలో చెబుతాను.

మీ మావయ్య