వీణ లారీలో వెళ్లాలా, మనతో రావాలా?

ప్రశ్న: మేడమ్, బదిలీ వల్ల మేం వచ్చే నెల 1,500 కిలోమీటర్ల దూరం ఇల్లు మారుతున్నాం. మా అమ్మ వాయించిన వీణ నా దగ్గరుంది. 40 ఏళ్ల నాటిది. సామాన్లు తరలించేవాళ్లు ‘బబుల్ ర్యాప్ చుట్టి బీరువా పక్కన నిలబెట్టేస్తాం, ఏమీ కాదు’ అంటున్నారు. లారీ చేరడానికి నాలుగు రోజులు పడుతుందట. పైగా ఎండాకాలం. తీగలన్నీ విప్పేయమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు చెబుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ టెన్షన్ సరైనదేనమ్మా. వీణను నిలబెట్టనివ్వకండి, బీరువా పక్కన అసలే వద్దు. అయితే మీరు దెబ్బ తగులుతుందని భయపడుతున్నారు. నా భయమంతా ఎండ గురించి.

చాలా ఏళ్ల కిందట ఇల్లు మారినప్పుడు నేనూ నా వీణను లారీలోనే పంపాను. గట్టి చెక్కపెట్టె చేయించి, లోపల నాలుగు వైపులా స్పాంజి వేయించాను. దింపాక చూస్తే పెట్టె మీద గీత కూడా లేదు. మూత తీసి సారణి (మొదటి తీగ) మీటితే మధ్యమం పలకాల్సిన చోట ఇంకేదో పలికింది. పై స్థాయి మెట్లు (తీగను నొక్కే లోహపు పట్టీలు) నాలుగైదు ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే మైనం దండి (వీణ పొడవాటి మెడ) అంచు దాకా జారింది. మా గురువుగారు పక్కన కూర్చుని, ఒక్కో మెట్టూ విని సరే అన్న మేళం, అంటే మెట్ల అమరిక, అది. మళ్లీ కట్టించాను, బాగానే కుదిరింది. కానీ ఆయన విన్న మేళం ఇక లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

వీణ మీది 24 మెట్లూ మైనంలోనే నిలబడి ఉంటాయి. మేకులుండవు. తేనెమైనం పూర్తిగా కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి కానీ, మెత్తబడి మెట్టును కదలనివ్వడానికి అంత వేడి అక్కర్లేదు. మూసేసిన లారీ మధ్యాహ్నమంతా ఎండలో ఆగి ఉంటే లోపల ఎలా కాగుతుందో మీరే ఊహించండి.

కాబట్టి వీలైతే వీణ మీతోనే రావాలి. కారులో అయితే వెనక సీటు మీద పడుకోబెట్టి బెల్టు పెట్టండి. దారిలో మీరు దిగి ఎక్కడైనా ఆగితే దాన్నీ దించుకోండి, నీడలో ఆపినా సరే కారులో వదలొద్దు. విమానం అనుకుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చాలా విమాన సంస్థలు మామూలు లగేజీకి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లనే పరిమితిగా పెట్టాయి. వీణ ఒక్క పొడవే దాదాపు 120 సెంటీమీటర్లు. మీతో తీసుకెళ్లడం కుదరకపోతే, వీణ వాయించే నమ్మకస్తులెవరి ఇంట్లోనైనా ఉంచి ఎండలు తగ్గాక తెచ్చుకోవడం మంచిది. ఇన్నేళ్లు కాపాడుకున్న వాద్యం కోసం ఇంకో మూడు నెలలు ఆగవచ్చు.

ఇక తీగలు. మీకు చెప్పిన ఇద్దరి మాటా వినకండి. పూర్తిగా విప్పేస్తే గుర్రం (పలక మీద తీగల్ని ఎత్తి ఉంచేది) చోటు తప్పుతుంది, ఎందుకంటే దాన్ని నొక్కిపట్టి ఉంచేది తీగల బిగువే. ఏళ్ల తరబడి ఆ బిగువుకి అలవాటుపడిన దండి కూడా ఒక్కసారిగా వదులవుతుంది. అలాగని పూర్తి శ్రుతిలో ఉంచినా ప్రమాదమే, కుదుపుల్లో తీగ తెగవచ్చు. వాయించే తీగలు నాలుగు, పక్కన ఉండే తాళం తీగలు మూడు, మొత్తం ఏడింటినీ సమంగా రెండు మూడు స్వరాలు దించండి. గుర్రం పాదాలు ఎక్కడున్నాయో పలక మీద పెన్సిల్‌తో సన్నగా గుర్తు పెట్టుకోండి.

ఇంకో పని తప్పకుండా చేయండి. పొడవాటి కాగితం పట్టీ ఒకటి తీసుకుని మెట్ల పక్కన దండి వెంబడి ఆనించి, ప్రతి మెట్టు చోటూ పట్టీ మీద గీత గీయండి. మేరువు (మెట్లకు ముందు తీగలు ఆనే చోటు) దగ్గర మొదలుపెట్టి 24వ మెట్టు దాకా. పక్క నుంచి ఫొటోలు కూడా తీయండి. నా దగ్గర అప్పుడు ఈ పట్టీ ఉండి ఉంటే మేళం కట్టినాయనకు పాత లెక్క కొంతైనా దొరికేది.

దండి కింద ఉండే గుండ్రటి బుర్రను మర తిప్పి తీసేసి వేరే డబ్బాలో పెట్టండి. అది ఉండగా వీణను పెట్టెలో పడుకోబెడితే బరువు దాని మీద పడుతుంది. ఏకాండ వీణ (ఒకే చెక్కలో చెక్కినది) కాకపోతే కుండా (పెద్ద గుండ్రటి భాగం) దండీ కలిసే చోట, యాళి (చివర చెక్కిన జంతువు తల) దగ్గర అతుకులుంటాయి. అక్కడే విరుగుతుంది. అందుకని దండి గాల్లో వేలాడకుండా దాని కింద పొడవునా మెత్తటి దుప్పటి మడత వేయండి. యాళి పట్టుకుని ఎత్తవద్దని సామాన్లు మోసేవాళ్లకు మీరే దగ్గరుండి చెప్పండి.

బబుల్ ర్యాప్ నేరుగా చుట్టవద్దు, వేడికి వార్నిష్ మీద బుడగల అచ్చులు పడతాయి. ముందు నూలుబట్ట చుట్టి, దాని పైన చుట్టండి. పెట్టె మూసి మెల్లగా ఊపితే లోపల ఏమీ కదలకూడదు. కదిలితే ఇంకా గుడ్డలు కూరాలి.

చేరాక పెట్టెను ఒక రోజంతా గదిలో మూసే ఉంచండి. మర్నాడు తెరిచి, మెట్లను మీ కాగితం పట్టీతో సరిచూసుకుని, తీగల్ని రెండు మూడు రోజుల్లో కొద్దికొద్దిగా శ్రుతికి తీసుకురండి.

ప్రశ్న: చదువు కోసం విదేశం వెళ్తున్నాను. నా వయొలిన్ బిరడాలు (తీగలు బిగించేవి) రోజ్‌వుడ్‌వి. అనుమతి పత్రం లేకపోతే ఆపేస్తారంటున్నారు, నిజమేనా? – ఒక విద్యార్థి

జవాబు: అది పాత మాట బాబూ. రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 జనవరికల్లా సైటీస్ (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం కిందికి వచ్చాయి. కానీ పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు. నీ కమాను పాతదైతే దాని కొనకు ఏనుగు దంతం ఉందేమో చూపించుకో. ఉంటే పత్రాలు లేకుండా తీసుకెళ్లవద్దు.

వయొలిన్‌ను చేతి సామానుగా తీసుకెళ్లనిస్తామని విమాన సంస్థ నుంచి ఈమెయిల్ తెప్పించుకుని దగ్గర ఉంచుకో. తీగల్ని ఒక స్వరం మించి దించకు, లోపల నిలబెట్టిన సౌండ్‌పోస్ట్ అనే చిన్న చెక్కపుల్ల పడిపోతే మళ్లీ దానంతటది నిలబడదు. తీగలు కట్టే టెయిల్‌పీస్ కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టు, బ్రిడ్జి (వయొలిన్ గుర్రం) పడిపోయినా పలక మీద గీత పడదు. కమాను వెంట్రుకలు వదులు చెయ్యి. శ్రుతి చూసుకునే ట్యూనర్‌కి విడి లిథియం బ్యాటరీలుంటే అవి లగేజీలో వేయకూడదు, నీ చేతి సంచిలో ఉండాలి.