మనసు కలచివేసే రాజకీయ వార్త విన్నాక వ్యాపకాలు నిజంగా ఊరటనిస్తాయా?

ఇస్తాయి, ముఖ్యంగా చేతులకూ కళ్లకూ ఒకేసారి పని పెట్టే వ్యాపకాలు. కలత పెట్టే వార్త వినగానే శరీరం ప్రమాదం ఎదురైనట్టే అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను విడుదల చేస్తుంది. కానీ ఎదిరించడానికో తప్పుకోవడానికో ఎదుట ఏమీ ఉండదు గనుక, ఆ ఉద్రేకం జరిగినదాన్నే పదేపదే తలపోయడంగా మారుతుంది. మన ఏకాగ్రతకు హద్దు ఉన్నందువల్ల, శ్రద్ధ అవసరమైన చిన్న పని దొరికితే ఆ తలపోతకు చోటు తగ్గి, ఊపిరి నెమ్మదిస్తుంది.

ఉదాహరణకు, ఎన్నికల ఫలితాల సాయంత్రం టీవీ కట్టేసి, హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన విడి మల్లెమొగ్గలను మాల కట్టడం మొదలుపెట్టారనుకోండి. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి, కాడలు కలిపి దారం మెలివేయాలి. ముడి మరీ బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే మొగ్గ జారిపోతుంది. మూరెడు మాల పూర్తయ్యేసరికి వార్త మారదు గానీ గుండెదడ తగ్గుతుంది.

దీన్ని బాధ్యత నుంచి పలాయనంగా భావించడం పొరపాటు, అనవసరమైన అపరాధభావానికి అదే మూలం. మరునాడు ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌కు వెళ్లదలచినవారికైనా ఆ రాత్రి నిద్ర పట్టాలి కదా! ఆ నిద్ర వారాల తరబడి కరువైతే మాత్రం వ్యాపకం చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.