నవల ఒకటి, సినిమాలు మూడు

ప్రశ్న: టోల్కీన్ నవల ఆధారంగా తీసిన ‘ది హాబిట్’ సినిమాలు చూసి మా అన్నయ్య మురిసిపోయాడు, నవల చదివిన నాకు మాత్రం చిరాకు వేసింది. మా ఇద్దరిలో ఎవరి అభిప్రాయం సరైనదంటారు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ చిరాకుకు కారణం ఉంది. 1937లో పిల్లల కోసం వెలువడిన ఆ ఒక్క చిన్న నవలను దర్శకుడు పీటర్ జాక్సన్ 2012 నుంచి 2014 వరకు మూడు సినిమాలుగా సాగదీశారు. నవలలో లేని టారియెల్ అనే యువతిని సృష్టించి, ఆమెకూ కీలి అనే మరుగుజ్జు వీరుడికీ మధ్య ప్రేమకథ కూడా అల్లారు. అయితే నవలలో చెప్పుకోదగ్గ స్త్రీ పాత్ర ఒక్కటీ లేదు కనుక, కొత్త పాత్రను చేర్చడాన్ని నేను తప్పుపట్టను. ప్రేమకథ మాత్రం నాకూ అతకలేదు. (వ్యాసభారతంలో లేని శశిరేఖను 1957 నాటి ‘మాయాబజార్’లో మనం ఎంత ఆప్యాయంగా ఆదరించామో గుర్తుచేసుకోండి!) చీకటి గుహలో కథానాయకుడు బిల్బో, గొల్లమ్ అనే వింతజీవి పొడుపుకథలతో పోటీపడే ఘట్టాన్ని తొందరపడకుండా, నవలలోని సంభాషణనే నమ్ముకుని తీశారు కాబట్టి, అక్కడ మీకూ అన్నయ్యకూ పేచీ ఉండదనుకుంటాను. మూడో భాగం విషయంలో నేను మీ పక్షమే: బిల్బో స్పృహ తప్పడంతో నవలలో కొద్ది పేజీలకే ముగిసిపోయే యుద్ధం, తెరపైన చాలాసేపు సాగింది.