చెల్లెలి పెళ్లికి వెళితే నా సాక్ష్యం పాడవుతుందా?

ప్రశ్న: నా వయసు 31. మాది పొదిలి దగ్గర పల్లె. నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒక సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. జీతం 38,000 రూపాయలు. నాలుగేళ్ల క్రితం రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నాను. నా భార్యది విశ్వాసుల కుటుంబం. అమ్మానాన్నలు మాత్రం పాత పద్ధతిలోనే ఉన్నారు. వచ్చే నెల మా చెల్లెలి పెళ్లి. పూజలూ హోమమూ ఉండే చోటికి వెళితే నా సాక్ష్యం, అంటే విశ్వాసిగా నా నడతకున్న మంచి పేరు, పాడవుతుందని, ప్రత్యేకింపబడి ఉండమని వాక్యం చెబుతోందని సంఘంలో కొందరు అంటున్నారు. నా భార్య ఆ ఒక్కరోజుకు బొట్టు పెట్టుకోవాలని అమ్మ పట్టుబడుతోంది. పొగాకులో దెబ్బతిన్న నాన్నకు నాలుగు లక్షల అప్పు మిగిలింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. సాయం చేద్దామంటే, దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, దేవునిదనీ, ఈ కష్టం ద్వారానే దేవుడు మీ నాన్నతో మాట్లాడుతున్నాడనీ, ఆయన మారితే అప్పు తీరే దారీ కనిపిస్తుందనీ మా పాస్టరుగారు చెప్పారు. ఆ మాటే ఫోన్‌లో నాన్నకు చెప్పాను. రెండు నెలలుగా ఆయన నాతో మాట్లాడటం లేదు. ఆఫీసులో దసరా పూజ రోజున సెలవు పెట్టేస్తున్నాను. డీలర్లకు పాత తేదీతో బిల్లులు వేయడం లాంటి చిన్న సర్దుబాట్లు అందరూ చేసేవే గనుక తప్పడం లేదు గాని, విగ్రహాల విషయంలో ఎన్నడూ రాజీపడలేదు. నేను ఎక్కడ గీత గీయాలి?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాను. అసలు ఉత్తరంలో కుంకుమ గురించి, ప్రసాదం గురించి, పెళ్లి తంతు గురించి రెండు పేజీలు ఉన్నాయి. నాన్నగారి అప్పు గురించి నాలుగైదు వాక్యాలు, పాత తేదీ బిల్లుల గురించి ఒకే ఒక్క వాక్యం ఉన్నాయి. మీరు గీత ఎక్కడ గీయాలని అడిగారు. ఆ రెండు పేజీలకూ ఈ ఒక్క వాక్యానికీ మధ్య ఉన్న తేడాలోనే మీ ప్రశ్నకు జవాబు ఉందని నాకు అనిపించింది. నేనూ ఇదే విశ్వాసంలో పుట్టి పెరిగినదాన్ని, అదే వాక్యం చదువుకునేదాన్ని. అందువల్ల మీ భయాన్ని తేలికగా తీసుకోవడం లేదు, కానీ ఆ భయం ఉండవలసిన చోట లేదని మాత్రం చెప్పక తప్పదు.

ముందుగా నాన్నగారి సంగతి. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో కొర్బాను అనే మాట ఉంది, మీరు చదివే ఉంటారు. తల్లిదండ్రులకు అందవలసిన దానిని దేవునికి అర్పించేశానని చెప్పి వాళ్లను వట్టి చేతులతో విడిచిపెట్టే ఆచారాన్ని యేసు ప్రభువు అక్కడ గద్దించాడు. దేవుని ఆజ్ఞను ఆచారంతో కొట్టివేస్తున్నారని ఆయన ఆ మాట అన్నది భక్తిలేని వారితో కాదు, ఎంతో నిష్ఠగా బ్రతికే పరిసయ్యులతోనూ శాస్త్రులతోనూ. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో, తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని ఇంకా కఠినంగా రాశాడు. దశమభాగం గురించి మాట్లాడేటప్పుడు, దాన్నంతా దేవుని మందిరానికి తెమ్మనే మలాకీ మూడవ అధ్యాయం వినిపించినంతగా ద్వితీయోపదేశకాండం పద్నాలుగవ అధ్యాయం మన సంఘాల్లో వినిపించదు; మూడేళ్లకొకసారి ఆ పదియవ వంతును ఊళ్లోనే ఉంచి, దేవుని మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులూ తండ్రిలేని పిల్లలూ విధవరాళ్లూ తిని తృప్తిపొందేలా చేయాలని అక్కడ ఉంది. సంఘానికి ఇవ్వడం మానమని నేను అనడం లేదు. సణుగుకోకుండా, బలవంతం లేకుండా, సంతోషంగా ఇవ్వమని కొరింథు సంఘానికి పౌలు రాసిన కొలత మీకు చాలు.

లెక్క చూడండి. నాలుగు లక్షలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 8,000 రూపాయల వడ్డీ. మీ దశమభాగం 3,800. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం; బంగారం తాకట్టు మీద బ్యాంకు ఇచ్చే అప్పుకు సాధారణంగా అంతకంటే చాలా తక్కువ వడ్డీ పడుతుంది. మీ ఇంట్లో బంగారం ఎంతో కొంత ఉంటే, మీ భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే సుమా, దాని మీద అప్పు తీసుకుని ప్రైవేటు అప్పులో కొంత భాగమైనా ముందు తీర్చేయండి. ఆ తరువాత ఏడాది పాటు మీ దశమభాగంలో ఎక్కువ పాలు ఆ అప్పుకు వెళ్లాలని మీ ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి, ఆ సంగతి దాచకుండా పాస్టరుగారికి మీరే చెప్పండి. ఆయన కాదంటే వాదించవద్దు, కొర్బాను వాక్యాన్ని కలిసి చదువుదామని అడగండి.

ఇక మీరు ఫోన్‌లో నాన్నగారితో అన్న మాట. దాన్ని చదివినప్పుడు నాకు బాధ కలిగింది. వేలంలో కొనేవాడు లేక పొగాకు బేళ్లు వెనక్కి తెచ్చుకున్న రైతుకు, అప్పులవాడు గుమ్మంలో నిలబడి ఉన్న సమయంలో, సొంత కొడుకు ఫోన్ చేసి నువ్వు మారితే దారి దొరుకుతుందని చెప్పాడు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆయనకు మాత్రం కొడుకు తన కష్టానికి వెల కట్టినట్టే వినిపించి ఉంటుంది.

ఈ విషయంలో మన ప్రాంత చరిత్రలోనే మీరు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. 1866 నుంచి ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు మీరు వినే ఉంటారు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలాది మందికి కూలి కల్పించాడు. కూలికి వచ్చినవారిలో బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నారు. అన్నం కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తేలదని, కరువు సాయం సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ సాయం ముగిశాకనే తిరిగి మొదలుపెట్టాడు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం గాని, దానికి ముందు ఆయన చేయి ఆపుకున్న ఆ నెలలను తలుచుకునేవారు తక్కువ. రొట్టెను ఎరగా వాడకూడదని ఆయనకు తెలుసు. నాన్నగారికి మీరు పంపే డబ్బు వెనుక ఏ షరతూ ఉండకూడదు, ఉందన్న అనుమానం కూడా ఆయనకు రాకూడదు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన బిల్లుల దగ్గరకు వస్తాను. డిస్కౌంట్ స్కీము గడువు దాటిన తరువాత అమ్మిన మేతకు ముందటి తేదీ వేయడమే మీరు చెప్పిన సర్దుబాటు అయితే, ఆ తగ్గింపు డీలరు జేబులోకి వెళుతుంది, చెరువు గట్టు మీద పూర్తి ధర కట్టి బస్తా తీసుకుపోయిన చిన్న రైతుకు దానిలో పైసా అందదు. మీ నాన్నగారు పొగాకు రైతు, ఆ మనిషి రొయ్యల రైతు, అంతే తేడా. దసరా రోజున కంప్యూటరుకు ఎవరో పెట్టిన కుంకుమ బొట్టుకు భయపడి సెలవు పెట్టిన మీరు, అదే కంప్యూటరులో మీ చేతులతో తప్పు తేదీ కొడుతున్నప్పుడు ఎందుకు భయపడలేదో ప్రార్థనలో ప్రభువునే అడగండి. పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదియవ వంతు చెల్లిస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టారని మత్తయి ఇరవైమూడవ అధ్యాయంలో ఉన్న మాట నాకూ వర్తిస్తుంది, మీకూ వర్తిస్తుంది.

ఆ పని ఆపడం తేలిక కాదని నాకు తెలుసు, ఉద్యోగానికే ముప్పు రావచ్చు. అందుకని ఆవేశంగా ఏమీ చేయవద్దు. రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోగలరేమో ముందు చూసుకోండి, ఇలాంటి పనికి నెల్లూరులో ఇంకెక్కడైనా అవకాశం ఉందేమో విచారించండి. అయితే ఆ ఏర్పాట్లు పూర్తయ్యేదాకా తప్పు బిల్లులు సాగించవచ్చని నేను చెప్పలేను. తరువాతి సారి అలాంటి బిల్లు వచ్చినప్పుడు మీ పై అధికారి దగ్గరకు ఒంటరిగా వెళ్లి, అమ్మిన తేదీ తప్ప వేరే తేదీ వేయలేనని మర్యాదగా చెప్పండి. ఆయనకు బైబిలు వినిపించనక్కరలేదు. ఆడిట్‌లో దొరికితే సంతకం పెట్టిన మీ మెడకే చుట్టుకుంటుందన్నది ఆయనకూ అర్థమయ్యే కారణమే.

దసరా సెలవు సంగతి పెద్దది కాదు. ఇశ్రాయేలు దేవుణ్ని నమ్మిన సిరియా సేనాధిపతి నయమాను, తన రాజు రిమ్మోను అనే దేవత గుడిలో మ్రొక్కేటప్పుడు తన చేతిమీద ఆనుకుంటాడని, అప్పుడు తానూ వంగవలసి వస్తుందని, ఆ ఒక్క సంగతిలో తనను క్షమించాలని వేడుకున్నాడు. ఎలీషా ప్రవక్త అతణ్ని గద్దించలేదు, నెమ్మదిగా వెళ్లమని పంపాడు. మీరు మ్రొక్కనక్కరలేదు, ఆ రోజు ఆఫీసుకు వెళ్లి మీ సీటు దగ్గర మీ పని చేసుకోండి. ఎవరైనా ప్రసాదం ఇస్తే, తీసుకోనని నవ్వుతూ చెప్పండి, ఇచ్చినవారు నొచ్చుకోని గొంతుతో చెప్పండి.

పెళ్లికి మీరు తప్పకుండా వెళ్లాలి. ముప్పై ఏళ్ల క్రితం మా పిన్నమ్మ గృహప్రవేశానికి ఇలాంటి కారణంతోనే నేను వెళ్లలేదు. ఆమె బ్రతికి ఉన్నంతకాలం నాతో ప్రేమగానే ఉంది గాని, ఆ ఇంటి గడప నేను తొక్కినప్పుడల్లా ఆమె కళ్లలో ఆ రోజు కనిపించేది. ప్రత్యేకింపబడి ఉండమని కొరింథు సంఘానికి పౌలు రాసిన వాక్యాన్ని మీ సంఘస్థులు గుర్తుచేశారు. అదే పౌలు, అదే కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో, ఈ లోకంలో ఉన్నవారితో సాంగత్యమే మానమని తన ఉద్దేశం కాదని, అలాగైతే లోకంలోనుంచి వెళ్లిపోవలసి వస్తుందని విడమరచి రాశాడు.

పెళ్లిలో ఆరాధన వేరు, అన్నగా మీరు చేయవలసిన చాకిరీ వేరు. మండపంలో పూజకు కూర్చోలేనని, హోమానికి మ్రొక్కలేనని, ప్రసాదం తీసుకోలేనని ఇప్పుడే, నెల ముందే, అమ్మగారికి చెప్పండి. ముహూర్తం వేళ బంధువుల మధ్య చెబితే అది ఆమెకు అవమానమవుతుంది. మీ నాన్నగారు ఉన్నారు గనుక కన్యాదానం పీటల మీద మీరు కూర్చోవలసిన అవసరం రాదు. ఆ మాట చెప్పిన నోటితోనే, మిగిలిన బరువంతా మీదేనని చెప్పండి. విడిది ఏర్పాటు, వంటవాళ్లు, షామియానా, మగపెళ్లివారిని ఎదుర్కొని తీసుకురావడం, పంక్తిలో నిలబడి వడ్డించడం, ఆఖరి బంధువు బస్సెక్కేదాకా ఉండటం మీ వంతు. పెళ్లి కోసం కొత్త అప్పు చేయనివ్వవద్దు; భోజనాల పట్టీ తగ్గించమని చెప్పే హక్కు, ఖర్చు పంచుకునే అన్నకు ఉంటుంది.

మీ భార్య బొట్టు విషయం ఆమెకే వదిలేయండి. మీరు అమ్మ తరఫునా సంఘం తరఫునా ఆమెను ఒత్తిడి చేయవద్దు. పెట్టుకోనని ఆమె అంటే అమ్మగారికి ఆ మాట చెప్పి నచ్చజెప్పవలసింది మీరే, కోడలి మీదకు నెట్టవద్దు. పెళ్లికి రెండు రోజుల ముందే వెళ్లి ఆమె అత్తగారితో కలిసి పని అందుకుంటే ఈ పట్టుదల చాలావరకు సడలుతుందని నా అనుభవం.

ఈ శనివారమే ఊరికి బయలుదేరండి. ఫోన్‌లో క్షమాపణ చెప్పవద్దు, ఎదురుగా చెప్పండి. నేను అలా అనకుండా ఉండవలసింది నాన్నా అన్న ఒక్క మాట చాలు, సంజాయిషీలు అక్కరలేదు. తరువాత అప్పు తాలూకు ప్రామిసరీ నోట్లు, బ్యాంకు పాసుపుస్తకం తెప్పించుకుని, ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాయండి. సువార్త గురించి ఆ పూట మీరుగా ఏమీ ఎత్తవద్దు. ఆయనే అడిగితే, అడిగినంత మేరకు సాత్వికంగా జవాబు చెప్పండి.